పుస్తకంలో లేని హెచ్చరిక

మూడో అంతస్తు గది,
ఫిబ్రవరి 9.

అక్కా,

ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు రెండు నిమిషాలకు మించి నిలవడం లేదు. పోయినసారి నేను గది మారిన సంగతి చెబుతుంటే "సరే సరే, ఒళ్ళు జాగ్రత్త" అని పెట్టేశావు. గది మారడానికీ ఒంటికీ సంబంధమేమిటా అని చాలాసేపు ఆలోచించాను. లైను బాగాలేదని నువ్వే అన్నావు కాబట్టి ఇదిగో, కాగితం తీశాను. దీనికి లైనుతో పని లేదు.

గది చిన్నది. మంచం, బల్ల, కుర్చీ పోగా మిగిలిన చోటులో నేను తిరుగుతాను. కిటికీ తీస్తే ఎదురు భవనం గోడ, దాని మీద ఒక నీళ్ళ గొట్టం. మధ్యాహ్నం పావుగంట సేపు ఆ గొట్టం మీద ఎండ పడుతుంది. ఆ పావుగంటా పని ఆపి టీ తాగుతాను. కింది అంతస్తులో ఒక దర్జీ ఉన్నాడు. ఆయన మిషను చప్పుడు తప్ప పగలంతా మనిషి అలికిడి ఉండదు. ఆదివారం ఆ మిషను కూడా ఆగిపోతే ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.

నా పని నీకెప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. తప్పు నీది కాదు, నేనే సరిగ్గా చెప్పలేదు. మా ఆఫీసు మూసేశాక రెండేళ్ళుగా సొంతంగా చేసుకుంటున్నాను. బ్యాంకులకూ ఇన్సూరెన్సు ఆఫీసులకూ కంపెనీలు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాయి. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం నేను రాస్తాను. ఇది నొక్కండి, అది ఎంచుకోండి, ఈ గడిలో తేదీ వేయండి అని పొద్దుగూకులూ ఎవరికో చెబుతూ ఉంటాను. ఆ ఎవరో నాకు తెలియదు. నాకు కనిపించేది నమూనా ఖాతాదారులే. ఒకటో ఖాతాదారు, రెండో ఖాతాదారు, అలా నలభైమంది. అందరూ జనవరి ఒకటో తేదీనే పుట్టారు. ఎవరికీ ముఖం లేదు, ఇంటి నంబరు మాత్రం ఉంది. వారంలో నేను ఎక్కువసేపు గడిపేది వాళ్ళతోనే.

పుస్తకం మీద నా పేరు ఉండదు. ఏ కంపెనీకి రాశానో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి నీకూ చెప్పను. పోయిన చలికాలమంతా కూర్చుని పెద్దదొకటి పూర్తిచేశాను, నూట ఎనభై పేజీలు. అయిపోయిన రోజున ఎవరికైనా చెప్పాలనిపించి, కిందికి దిగి దర్జీకి చెప్పాను. "మంచిదమ్మా, కొలతలు సరిపోయాయా?" అన్నాడు. ఎవరి కొలతలని అడగలేకపోయాను.

నీ కౌంటర్ కబుర్లు రాయి. అబద్ధాలైనా పర్వాలేదు, పొడుగ్గా రాయి.

నీ చెల్లెలు.


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
ఫిబ్రవరి 20.

సుద్దముక్కా,

చేత్తో రాసిన కవరు చూసి గుండె గుభేలుమంది. ఈ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారనే అనుకోవాలి. విప్పి చూస్తే నువ్వు. నలభై మూడేళ్ళు వచ్చినా సుద్దముక్క అంటానేమిటని కోపం తెచ్చుకోకు. సన్నగా, తెల్లగా, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గీకుతూ ఉండేదాన్ని ఇంకేమంటారు?

ఉత్తరమే బాగుంది. ఈ ఇంటి గోడలు మందం, ఫోను సరిగ్గా పనిచెయ్యదు. ఇక చెయ్యకు, ఇలాగే రాయి.

మీ బావగారు పోయి ఆరేళ్ళు నిండాయి. పొద్దున తాళం వేస్తాను, సాయంత్రం తీస్తాను. ఈ మధ్యలో ఇంట్లో ఏదీ కదలదు. పొద్దున బల్ల మీద వదిలిన కప్పు సాయంత్రం అక్కడే ఉంటుంది. అక్కడే ఉన్నందుకు దాని మీద ఒక్కోసారి కోపం వస్తుంది.

పొదుపు సంఘం శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాది రెండో కౌంటరే. పింఛనుదార్లంతా నా దగ్గరికే వస్తారు. ఏడాదికోసారి వచ్చి, మేము బతికే ఉన్నామని వాళ్ళు చూపించుకోవాలి. నేను ముఖం చూసి, సంతకం తీసుకుని, రిజిస్టరులో టిక్కు పెడతాను. మనుషులు బతికున్నారని రాసే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది చెప్పు?

ఈ ఏడు రిజిస్టరు తీసేశారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పోయిన వారం కంపెనీ నుంచి ఒకాయన వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. పెద్ద హాలు, పైన నాలుగు ఫ్యాన్లు. ఆయన తెర వైపు తిరిగి, అటూ ఇటూ నడుస్తూ చెప్పుకుపోయాడు. అందరూ తలూపినప్పుడు నేనూ ఊపాను, నవ్వినప్పుడు నవ్వాను. నా తోటి గుమస్తాలంతా నాకంటే పాతికేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళ ముందు ముసలిదానిలా కనిపించకూడదు కదా.

కానీ వాళ్ళు ఒక పుస్తకం ఇచ్చారు, అదే నన్ను కాపాడుతోంది. నీలం అట్ట. రోజూ ఇంటికి తెచ్చుకుని చదువుతున్నాను. ఎవడు రాశాడో గానీ మహానుభావుడు. "ఎడమ వైపు పై మూలలో బాణం గుర్తు ఉంటుంది. కనిపించకపోతే తెరను కొంచెం పైకి జరపండి" అని రాశాడు. నాకు కనిపించలేదని వాడికెలా తెలిసింది? అయితే వాడు జన్మలో కౌంటర్ వెనక కూర్చోలేదు, అది మాత్రం ఖాయం. ఎదురుగా మనిషి నిలబడి దగ్గుతుంటే ముప్ఫై నాలుగో పేజీ ఎవరు తిప్పుతారు? అందుకే పింఛను అధ్యాయం మొత్తం కంఠతా పట్టేస్తున్నాను, పదో తరగతి పరీక్షలా. వచ్చే నెల పదో తేదీన పింఛనుదార్లు రావడం మొదలు.

వేళకు తిను.

అక్క.


మూడో అంతస్తు గది,
మార్చి 3.

అక్కా,

ఆ నీలం అట్ట పుస్తకం గురించి ఇంకొంచెం రాస్తావా? పింఛనుదార్ల సంగతి ఏడో అధ్యాయంలోనేనా ఉంది? ఊరికే అడుగుతున్నాను. ఒకే వృత్తిలో ఉన్నదాన్ని కదా, పక్కవాడి పుస్తకం మీద కన్ను పడుతుంది.

ఒక మాట. పుస్తకంలో అన్నీ ఉంటాయనుకోకు. రాసేవాళ్ళు రాస్తారు, పైవాళ్ళు కొన్ని తీయించేస్తారు. అలాంటివి శిక్షణలో నోటితో చెబుతారు. ఆయన చెప్పినవన్నీ నువ్వు రాసుకునే ఉంటావు. ముఖ్యంగా పని ఎక్కడ, ఎలా ముగించాలో. ఏ చిన్న సందేహం వచ్చినా పక్క కౌంటర్ వాళ్ళని అడుగు. చిన్నవాళ్ళని మొహమాటపడకు.

ఇక్కడ వాన పట్టింది. దర్జీ వారం నుంచి రావడం లేదు. ఆయన వస్తాడేమోనని మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు చించి నాలుగోసారి రాశాను. ఏమీ లేదు, చేతిరాత బాగా కుదరలేదు.

నీ చెల్లెలు.


శాఖ వెనక, రికార్డుల గది,
ఏప్రిల్ 6.

సుద్దముక్కా,

చిరునామా చూశావు కదా. నన్ను కౌంటర్ నుంచి తీసేశారు. ఈ గదిలో పాత రిజిస్టర్లూ నేనూ ఉన్నాం.

ఒకటో తేదీ పొద్దున్న ఫైర్‌మన్ గారు వచ్చారు. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పన్నెండేళ్ళుగా నా కౌంటర్‌కే వస్తారు, వచ్చినప్పుడల్లా నా వెనక గోడ మీది మంటలార్పే సిలిండరు తేదీ దాటలేదు కదా అని చూసి గాని వెళ్ళరు. ఆ రోజు సిలిండరు వైపు చూడలేదు. కౌంటర్ మీదికి వంగి, నా మొహంలో మొహం పెట్టి అన్నారు: "నేను చనిపోయానట కదమ్మా. ఎప్పుడో ఏమిటో చెబితే నేనూ తెలుసుకుంటాను."

నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. కంటి ఆపరేషన్‌కని ఆసుపత్రికి వెళితే, మీ పింఛను కార్డు చనిపోయినవాళ్ళ పట్టికలో ఉంది, చేర్చుకోవడం కుదరదని తిప్పి పంపించారట. తెర మీద చూశాను. నిజమే. మార్చి పదో తేదీన మరణించినట్టు నమోదై ఉంది. నమోదు చేసింది రెండో కౌంటర్.

ఆయనొక్కరే కాదు, పదకొండుమంది. మొదటి రెండు రోజుల్లో నా దగ్గరికి వచ్చి, బతికున్నామని సంతకం పెట్టి వెళ్ళిన పదకొండుమందినీ నేనే చంపేశాను. మూడో రోజు నుంచి జ్వరమొచ్చి నెలాఖరుదాకా సెలవు పెట్టాను కాబట్టి పదకొండుతో ఆగింది.

నేను చేసింది పుస్తకంలో ఉన్నదే. అన్ని పనులకూ కలిపి రాసిన మొదటి అధ్యాయంలో, తొమ్మిదో అంకె కింద "పని పూర్తయ్యాక ముగించు అన్న బటన్ నొక్కండి. ముగించాలా అని అడిగితే అవును అని నొక్కండి" అని ఉంది. నొక్కాను. పింఛను రికార్డు తెరిచి ఉన్నప్పుడు అదే బటన్ నొక్కితే మన పని కాదట ముగిసేది, ఆ మనిషి పింఛనే ముగుస్తుందట. అక్కడ బాణం నొక్కి బయటికి రావాలట. ఈ సంగతి శిక్షణలో రెండుసార్లు చెప్పామని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు. మిగతా ముగ్గురు గుమస్తాలూ అవును, చెప్పారనే అన్నారు. వాళ్ళ దగ్గర ఒక్క తప్పూ జరగలేదు. శిక్షణ హాజరుపట్టీలో నా సంతకం ఉంది.

పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ తర్వాత విచారణ. నాకు రిటైర్మెంట్‌కు తొమ్మిది నెలలుంది. అదంతా ఒక ఎత్తు, ఆయన కన్ను ఒక ఎత్తు. డాక్టరు ఇచ్చిన తేదీ దాటిపోయింది. పేర్లు మళ్ళీ బతికించడానికి పై ఆఫీసు నుంచి మూడు సంతకాలు రావాలట. చంపడానికి నా వేలు ఒక్కటి సరిపోయింది.

ఈ పుస్తకం రాసినవాడు ఎక్కడున్నాడో గానీ ఒక్కసారి వచ్చి ఆయన ముందు నిలబడితే బాగుండును.

అక్క.


మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 12.

అక్కా,

ఆ పుస్తకం రాసింది నేను.

ఇంతకంటే మెత్తగా చెప్పే దారి మూడు రోజులుగా వెతికాను, దొరకలేదు. బాణం గురించి నువ్వు రాసిన వాక్యం ఫిబ్రవరిలో చదవగానే తెలిసిపోయింది. అది నా వాక్యం. నీకు కనిపించలేదని నాకెలా తెలుసంటే, రాస్తున్నప్పుడు నాకూ మొదట కనిపించలేదు.

ముగించు బటన్ సంగతి నాకు ముందే తెలుసు. నా నమూనా ఖాతాదారుల్లో ముగ్గురిని అలాగే చంపాను. వెంటనే ఆ కంపెనీలో దాన్ని చూసుకునే ప్రొడక్ట్ మేనేజర్‌కు చెప్పాను. సాఫ్ట్‌వేర్ వచ్చే విడుదలలో ఆ బటన్ పేరు మారుస్తామన్నాడు. అప్పటిదాకా జాగ్రత్తపడమని ఏడో అధ్యాయంలో ఎర్ర గడి కట్టి హెచ్చరిక రాశాను: "పింఛను రికార్డు తెరిచి ఉన్నప్పుడు ముగించు నొక్కవద్దు. నొక్కితే ఆ వ్యక్తి మరణించినట్టు నమోదవుతుంది." అది తీసేయమన్నాడు. "ఇది చదివితే కొనేవాళ్ళు భయపడతారండీ. శిక్షణలో నోటితో చెప్పించేస్తాం" అన్నాడు. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి తీసేశాను. వాళ్ళు తప్ప నాకు వేరే పని ఇచ్చేవాళ్ళు లేరు. గడి తీసేసిన ఖాళీలో బాణం బొమ్మ కొంచెం పెద్దది చేసి పెట్టాను. అందంగానే కుదిరింది.

ఇదంతా ఒక తప్పు. రెండోది ఇంతకంటే పెద్దది. మార్చి మూడో తేదీకి నాకు అంతా తెలుసు. నువ్వు పదో తేదీన మొదలుపెడతావని తెలుసు. నేరుగా ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. పెట్టిన సంతకం గుర్తొచ్చింది. కంపెనీ రహస్యం బయటపెట్టిందన్న పేరొస్తే ఇక ఎవరూ పిలవరని భయపడ్డాను. శిక్షణలో చెప్పే ఉంటారులే, అక్క తెలివైనది కదా అనుకుని, పక్కవాళ్ళని అడుగు అని డొంకతిరుగుడుగా రాసి ఊరుకున్నాను. మూడు కాగితాలు చించింది చేతిరాత కుదరక కాదు.

నా మీద జాలి పడాలని ఇది రాయడం లేదు. విచారణలో నీకు పనికొస్తుందంటే ఈ ఉత్తరమే చూపించు.

నీ చెల్లెలు.


ఏప్రిల్ 20.

గౌరవనీయులైన రచయిత్రి గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు తెలియజేసిన వివరాలు చదివాను. విచారణ మే నెల మూడో తేదీన జరుగుతుంది. మీరు కంపెనీ వారికి పెట్టిన సంతకానికి ఎటువంటి భంగమూ నా వల్ల కలగదు. మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, చూపించబోను.

ఇట్లు,
రెండో కౌంటర్ మాజీ గుమస్తా.


మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 25.

అక్కా,

చిన్నప్పుడు నీ కొత్త పెన్ను ముక్కు వంచేసినప్పుడు కొట్టావు. పెద్దయ్యాక నీ మాట వినకుండా పెళ్ళి చేసుకున్నప్పుడూ, ఆ పెళ్ళి నుంచి బయటికి వచ్చేసినప్పుడూ తిట్టావు. ఎప్పుడూ నన్ను "మీరు" అనలేదు. ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను.

ఈరోజు నీ విచారణాధికారికి రిజిస్టరు పోస్టులో ఒక కట్ట పంపించాను. ఎర్ర గడి ఉన్న పాత ప్రతి, తీసేయమని మేనేజర్ రాసిన సందేశం, వద్దని నేను రెండుసార్లు రాసినవి, చివరికి సరేనని రాసినది, అన్నీ ఉన్నాయి. నా పేరూ సంతకమూ పెట్టాను. పంపిన తర్వాత మేనేజర్‌కు ఫోన్ చేసి నేనే చెప్పాను. ఆయన అరవలేదు. ఇక మన మధ్య పని ఉండదండీ అని పెట్టేశాడు. సాయంత్రానికి ఆ సాఫ్ట్‌వేర్ నాకు తెరుచుకోవడం మానేసింది. నా నలభైమందీ లోపలే ఉండిపోయారు.

ఒక్క ప్రశ్న. కోపం తీరాకే జవాబియ్యి. శిక్షణలో రెండుసార్లు చెప్పారని నీ తోటివాళ్ళే అంటున్నారు. నువ్వు ఏ పనిలోనూ అజాగ్రత్త మనిషివి కాదు. ఏడాదిగా ఫోన్లో నేను అడిగినదానికి ఎప్పుడూ సరైన జవాబు రాలేదు. గది మారానంటే ఒళ్ళు జాగ్రత్త అన్నావు. పని దొరికిందంటే అయ్యో పాపం అన్నావు. గోడలు మందమని నమ్మేశాను. నమ్మడం నాకు సులువు కాబట్టి.

నీకు వినిపించడం లేదా అక్కా?

నీ చెల్లెలు.


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
మే 9.

సుద్దముక్కా,

వినిపించడం లేదు.

మూడేళ్ళవుతోంది. మొదట కుడి చెవి, తర్వాత ఎడమది. ఎదురుగా ఉండి మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకుంటాను. కౌంటర్‌లో అది చాలు. పింఛనుదార్లు అడిగేవి అవే నాలుగు ప్రశ్నలు, ముప్ఫై ఏళ్ళుగా నాకు కంఠస్థం. వెనక నుంచి పిలిస్తే మాత్రం నేను బండరాయినే. తోటి గుమస్తాలు నాకు పొగరనుకుంటారు. అనుకోనిచ్చాను. చెవిటిదనడం కంటే పొగరుబోతు అంటేనే నయమనిపించింది. పరీక్ష చేయించుకోలేదు. చేయించుకుంటే కాగితం వస్తుంది, కాగితం వస్తే కౌంటర్ పోతుంది. ఈ ఇంట్లో ఎలాగూ మాట్లాడేవాళ్ళు లేరు, ఆ కౌంటర్ కూడా పోతే రోజుకు ఒక్క మనిషి ముఖమైనా చూడను.

పక్కవాళ్ళని అడగమని రాశావు. అడిగితే వాళ్ళు తెర వైపు చూస్తూ చెబుతారు. ఏం వినను? అందుకే నీ పుస్తకాన్ని నమ్ముకున్నాను.

విచారణ సంగతి చెబుతాను. పొడుగాటి బల్ల, అవతల అధికారి, ఆవిడకు నా వయసే ఉంటుంది. ఒక పక్క మా శాఖ మేనేజరు, ఇంకో పక్క శిక్షణ ఇచ్చినాయన. నీ కట్ట ఆవిడ ముందు ఉంది. ఎర్ర గడి ఉన్న పేజీ పైనే పెట్టుకుంది. శిక్షణాయన లేచి, పుస్తకంలో లేకపోయినా నేను నోటితో చెప్పానండీ, అందరూ విన్నారు, ఈమె ఒక్కతే శ్రద్ధ పెట్టలేదు అన్నాడు. ఆయన నా వైపు తిరిగి అన్నాడు కాబట్టి నాకు తెలిసింది.

అధికారి ఏదో అడిగింది. ఆవిడ తల వంచుకుని కాగితాలు చూస్తూ అడిగింది. గదిలో అందరూ నా వైపు చూస్తున్నారు. మామూలుగానైతే తలూపేదాన్ని. ఏ ప్రశ్నకు తలూపుతున్నానో తెలియకుండా తలూపి ఇంతదాకా వచ్చాను. ఫైర్‌మన్ గారు గుర్తొచ్చారు. నీ కట్ట కింద నీ పేరు, నీ సంతకం కనిపిస్తున్నాయి.

"మేడమ్, మీరు తలెత్తి మాట్లాడితే గానీ నాకు తెలియదు. నాకు చెవులు వినిపించవు" అన్నాను.

ఆవిడ తలెత్తింది. ఒక్కో మాటా విడివిడిగా, "శిక్షణ రోజున కూడానా?" అంది.

"ఆ రోజు కూడా. ఆయన ఏం చెప్పారో ఒక్క ముక్క తెలియదు. పుస్తకంలో ఉన్నది చేశాను. ఆ హెచ్చరిక కూడా పుస్తకంలో ఉండి ఉంటే అలా చేసేదాన్ని కాదు."

మా మేనేజరు మొహం చూడాలి. మూడేళ్ళుగా నన్ను వెనక నుంచి పిలిచి, పలకలేదని తిట్టుకున్న పిలుపులన్నీ ఆయనకు ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి.

సంజాయిషీ నోటీసు వెనక్కి తీసుకున్నారు. హెచ్చరిక చేర్చి ఏడో అధ్యాయం మళ్ళీ అచ్చువేయమని కంపెనీకి రాశారు. వినికిడి సంగతి దాచినందుకు నా ఫైలులో ఒక వాక్యం రాశారు, అది న్యాయమే. నేను ఊహించినట్టే కౌంటర్ పోయింది. రిటైరయ్యేదాకా రికార్డుల గదే.

పదకొండుమందినీ మళ్ళీ బతికించారు. ఫైర్‌మన్ గారికి అయిదు వారాలు ఆలస్యంగా ఆపరేషన్ జరిగింది. ఎడమ కంటికి చూపు రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడ్డాను. ఆయనే, నాకు కనిపించేలా నెమ్మదిగా అన్నారు: "పొగలోకి వెళ్ళినప్పుడు రెండు కళ్ళూ ఉండేవి, ఏం లాభం, ఒక్కటీ పనిచేసేది కాదు. ఒకటి చాల్లేమ్మా." ఆయన అలా అనకుండా తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చి చాలాసేపు చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను.

నువ్వు దాచావు, నేను దాచాను, మధ్యలో ఆయన కన్ను పోయింది. నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. అడక్కు. నువ్వు ఆ కట్ట పంపకపోతే నేను నోరు విప్పేదాన్ని కాదన్నది మాత్రం తెలుసు.

జూన్‌లో పది రోజులు రా. పని కూడా లేదు కదా.

అక్క.


మూడో అంతస్తు గది,
జూన్ 24.

అక్కా,

క్షేమంగా చేరాను. గది తలుపు తీస్తే మూసి ఉంచిన కాగితాల వాసన వచ్చింది. దర్జీ కొట్టు ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. కింద ఇప్పుడు ఎవరో పెట్టెలు దాచుకుంటున్నారు.

అక్కడుండగా ఉత్తరం రాయలేదు కాబట్టి కొన్ని సంగతులు చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి మనిద్దరికీ ఇంకా అలవాటు రాలేదు. మొదటి రోజు నేను గట్టిగా మాట్లాడుతుంటే, "అరవకు, నాకు వినిపించదు, వీధికి వినిపిస్తుంది" అన్నావు. ఆ తర్వాత ఇద్దరం కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, గంటలకు గంటలు ఊరుకున్నాం. ఒకే గదిలో ఇంకో మనిషి ఊరుకోవడం ఎంత తేడాగా ఉంటుందో మరిచిపోయాను.

ఫైర్‌మన్ గారి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళి వచ్చానని నీకు తెలియదు. నేనెవరో చెప్పాను. ఆయన కూర్చోమన్నారు. తొమ్మిదో అంకె కింద ఏం రాశానో చదివి వినిపించమన్నారు. వినిపించాను. ఇంకోసారి అన్నారు. రెండోసారి చదవలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు, తలుపు దాకా వచ్చి సాగనంపారు. నాకు దక్కాల్సింది అదే.

మీ శాఖలో బల్ల మీద ఒక పూటంతా కూర్చున్నది కూడా చెప్పాలి. మీ మేనేజరు అనుమతించారు. పింఛనుదార్లు వచ్చి వెళుతున్నారు. ఒకావిడ సంతకం పెట్టేముందు చెయ్యి వణుకుతుందని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. రెండేళ్ళలో ఎన్ని పుస్తకాలు రాశానో, "ఇక్కడ సంతకం తీసుకోండి" అని ఎన్నిసార్లు రాశానో. ఆ చెయ్యి నాకు ఏనాడూ తట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బస్టాండ్‌లో నువ్వు బస్సు కదిలేదాకా ఉండనన్నావు. కదిలే బస్సును చూడడం నీకు ఇష్టం లేదన్నావు. సంచి నా చేతికిచ్చి, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయావు. నువ్వు పదడుగులు వేశాక నేను పిలిచాను. నీకు వినిపించదని తెలిసీ పిలిచాను. మూడుసార్లు. టికెట్ల కిటికీ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు, ఒక కండక్టర్ తిరిగి చూశాడు. నువ్వు తిరగలేదు. పరుగెత్తి వచ్చి నీ భుజం తట్టొచ్చు. తట్టలేదు. నువ్వు వద్దంటావేమోనని భయం. వంతెన మలుపులో నీ గొడుగు కనిపించకుండా పోయేదాకా నిలబడి, బస్సెక్కేశాను.

నాకు వెళ్ళాలని లేదని చెప్పడానికి పిలిచాను.

ఒక చిన్న కంపెనీ వాళ్ళు పని ఇస్తామన్నారు. హెచ్చరికలు తీయననీ, వాడే మనుషుల్ని చూడకుండా రాయననీ ముందే చెప్పాను, సరేనన్నారు. ఆ పని ఎక్కడి నుంచైనా చేయొచ్చు. నీ పక్క గదిలో ఉండి చేయనా? చుట్టంలా కాదు, ఉండిపోవడానికి. కుదరదంటే కుదరదని రాయి. ఈసారి నువ్వు చెబితే నమ్ముతాను.

నీ చెల్లెలు.


ఇంట్లో,
జూలై 2.

సుద్దముక్కా,

నువ్వు పిలిచావని నాకు తెలియదు. తెలిస్తే తిరిగేదాన్నే.

వంతెన దాటాక ఎందుకో వెనక్కి తిరిగాను. మళ్ళీ బస్టాండ్‌కు వచ్చాను. నీ బస్సు వెళ్ళిపోయింది. దాని జాగాలో ఇంకో బస్సు ఆగి ఉంది. అది నీది కాదని బోర్డు మీద రాసే ఉంది, అయినా దాని కిటికీలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ చివరిదాకా నడిచాను. ఒకాయన ఎవరి కోసమమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎవరూ లేరని తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

ఆరేళ్ళుగా నిన్ను రమ్మనాలనుకుంటూనే ఉన్నాను. నీ బతుకు నువ్వు బతుకుతున్నావు, నా ఒంటరితనం నీకెందుకు అంటగట్టాలని ఊరుకున్నాను. నువ్వూ అలాగే అనుకున్నావని ఇప్పుడు తెలుస్తోంది. ఇద్దరం ఇద్దరమే.

ఆ ఫైర్‌మన్ గారి సంగతి చదివాను. నిన్ను ఏమీ అనలేదని రాశావు. నిన్న రికార్డుల గదికి వచ్చి, మీ చెల్లెలు మళ్ళీ వస్తుందా అని అడిగారు. ఎందుకో చెప్పలేదు. వచ్చాక నువ్వే వెళ్ళి కనుక్కో.

పక్క గదిలో మీ బావగారి బీరువా హాల్లోకి జరిపాను. ఒక్కదాన్నే జరిపేసరికి నడుం పట్టేసింది, అదొక్కటే ఈ ఉత్తరం ఆలస్యానికి కారణం. ఏ రోజు, ఏ బస్సో రాయి. గంట ముందే వచ్చి నిలబడతాను.

దిగాక నన్ను పిలవకు. ఎదురుగా వచ్చి నిలబడు.

అక్క.